మరిచిపొమ్మనే ముందు

పైకి కనిపించని గాయాల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు క్రైస్తవ ఉపన్యాసకులు సినిమా కథల్ని ఆశ్రయించడం కొత్తేమీ కాదు. గస్ వాన్ శాంట్ 1997లో తీసిన ‘గుడ్ విల్ హంటింగ్’ అలా బాగా అక్కరకొచ్చిన సినిమా. చిన్నప్పుడు పెంపుడు తండ్రి చేతిలో దెబ్బలు తిన్న విల్ ఆ బాధని తన తెలివితేటల వెనకా, వెక్కిరింపుల వెనకా దాచుకుని తిరుగుతుంటాడు. అందులో నీ తప్పేమీ లేదని మానసిక చికిత్సకుడు షాన్ పదే పదే చెప్తాడు. విల్ ముందు తేలిగ్గా కొట్టిపారేస్తాడు, తర్వాత కోపంతో నెట్టేస్తాడు, చివరికి ఆయన్ని పట్టుకుని ఏడ్చేస్తాడు. దేవుని కృప కూడా ఇలాంటిదేనని ప్రసంగం ముగుస్తుంది.

పోలిక బాగానే ఉంది. కానీ కృప అనే మాటని చర్చి ఎక్కువగా పాపం చేసినవాళ్ళ కోసం వాడుతుంది. విల్ ఒకరి పాపానికి బలైనవాడు. అతన్ని క్షమించడానికి ఏముంది? కొరియన్ అమెరికన్ వేదాంతి ఆండ్రూ సంగ్ పార్క్ 1993లో వచ్చిన ‘ది వూండెడ్ హార్ట్ ఆఫ్ గాడ్’లో ఈ తేడానే పట్టుకున్నారు. అన్యాయానికి గురైనవాళ్ళ గుండెల్లో గడ్డకట్టుకుపోయిన నొప్పిని కొరియన్లు ‘హన్’ అంటారు. క్రైస్తవ సిద్ధాంతం పాపి గురించి ఆలోచించినంతగా ఈ నొప్పి గురించి ఆలోచించలేదని ఆయన విమర్శ.

బాధపడింది స్త్రీ అయితే ఆ లోటు ఇంకా పెద్దదవుతుంది. విల్‌తో నీ తప్పు కాదన్నవాళ్ళే ఆమెతో ‘నువ్వే క్షమించాలమ్మా’ అంటారు.

ఆలిస్ వాకర్ నవల ‘ది కలర్ పర్పుల్’ (1982)లో సీలీని చూడండి. తండ్రి అనుకున్నవాడే ఆమెని చెరుస్తాడు. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పొద్దని బెదిరింపు. అందుకే ఆమె దేవుడికి ఉత్తరాలు రాస్తుంది. ఆ దేవుడు ఆమెకి దిక్కూ, ఆమె నోటికి వేసిన తాళమూ కూడా. చెల్లెలి ఉత్తరాలని భర్త ఇన్నేళ్ళూ దాచాడని తెలిశాక, భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ అతన్ని నిలదీసి ఇల్లు వదిలిపోతుంది. ప్యాంట్లు కుట్టి తన తిండి తను సంపాదించుకుంటుంది. అతను మారిన తర్వాతే ఇద్దరూ కూర్చుని స్నేహంగా మాట్లాడుకోగలుగుతారు. ముందు మాట, తర్వాత దూరం, ఆ తర్వాతే సఖ్యత. ఈ వరస తిరగబడితే క్షమాగుణం పేరుతో మళ్ళీ నోరు మూయించడమే.

1985లో స్పీల్‌బర్గ్ ఈ నవలని సినిమా తీస్తూ, గాయని షుగ్‌కి నవలలో లేని ఒక పాస్టరు తండ్రిని కల్పించాడు. కూతురితో మాట్లాడడం మానేసిన తండ్రి అతను. చివర్లో ఆమె పాడుకుంటూ చర్చిలోకి నడిచి వెళ్ళి అతన్ని కావలించుకుంటుంది. చూస్తూ నేనూ కళ్ళు తుడుచుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది: తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో తండ్రే ఎదురు పరుగెత్తుతాడు. ఇక్కడ దూరమంతా కూతురే నడిచింది.

బైబిలులో ఇలాంటి కథ లేకపోలేదు. అన్న అమ్నోను చెరిచాక తామారు తలమీద బూడిద పోసుకుని, బట్టలు చింపుకుని బిగ్గరగా ఏడుస్తూ వెళ్తుంది. వాడు నీ అన్న, ఊరుకోమంటాడు ఇంకో అన్న అబ్షాలోము. ఆమె ఒంటరిగా ఆ ఇంట్లోనే మిగిలిపోతుంది. ఈ కథని ఫిలిస్ ట్రిబుల్ 1984లో ‘టెక్స్ట్స్ ఆఫ్ టెర్రర్’లో స్త్రీవాద దృష్టితో చదివి చూపించారు. మన ఆదివారం ప్రసంగాల్లో తామారు ఎన్నిసార్లు వినిపించింది?

యోహాను సువార్తలో తిరిగి లేచిన క్రీస్తు చేతుల మీద మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. తోమా నమ్మనన్నప్పుడు వాటిని దాచుకోలేదు, చూడమన్నాడు. దాచిన గాయాల గురించి సినిమాల్లో పాఠాలు వెతికేవాళ్ళు ముందు ఈ పాఠం చదవాలి. మరిచిపొమ్మని చెప్పే ముందు, ఆమె చూపిస్తే చూడగలమా?