నౌపడ ఉప్పు మడి

వేసవి మిట్టమధ్యాహ్నం నౌపడ ఉప్పు మడుల గట్టున నిలబడితే కళ్లు చెదురుతాయి. మనం నీడ వెతుక్కునే ఆ ఎండే ఇక్కడి ఉప్పు రైతులకు పెట్టుబడి. ఉప్పునీటిని మడి నుంచి మడికి మళ్లిస్తూ చిక్కబరుస్తారు. అడుగు మట్టిని ముందే కాళ్లతో తొక్కి తొక్కి గట్టిచేస్తారు. పొడవాటి కర్రకు బిగించిన పలకతో ఉప్పును లాగేటప్పుడు అడుగు గీరుకోకూడదు. ఒకసారి నేనూ లాగాను. సగం బురదే వచ్చింది. పక్కనే పనిచేస్తున్న ఒకమ్మ నవ్వి, పలక లాక్కుంది.

నౌపడ అంటే ఉప్పొక్కటే కాదు. 1900లో పర్లాకిమిడి రాజా వేయించిన దారిపై చిన్నరైలు బయల్దేరింది ఈ నౌపడ నుంచే. చలికాలంలో దగ్గర్లోని తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు ఇక్కడి తంపర, అంటే చిత్తడి నేలల్లో మేస్తాయి.

మళ్లీ మడుల దగ్గరికొస్తే, గట్టుమీది తెల్లటి ఉప్పు కుప్పలకు తాటాకు కప్పుతారు. మబ్బు పడితే మాత్రం మడుల్లో ఎవరూ మాట్లాడరు. ఒక్క అకాల వాన చాలు, వారాల కష్టం కరిగిపోవడానికి.