గాంధారం లేని శ్రుతి: రోరీ గాలహర్ గిటార్

రోరీ గాలహర్ గిటార్‌ను చూసినవారి దృష్టిని మొదట ఆకర్షించేది దానిపై రంగు లేకపోవడం. 1961లో అమెరికాలో తయారైన ఆ ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ను ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో, 1963లో, 15 ఏళ్ల వయస్సులో ఆయన సుమారు 100 పౌండ్లకు పాతసరుకుగా కొన్నారు. ఏళ్ల తరబడి వేదికలపై కారిన చెమట దాని పూతను తినివేసింది. 2024 అక్టోబరులో లండన్ వేలంపాటలో రుసుములు కాక 7 లక్షల పౌండ్లు పలికిన ఆ వాద్యాన్ని కొన్నవారు ఐర్లండ్ జాతీయ ప్రదర్శనశాలకు దానంగా ప్రకటించారు. అది జాతి సంపద కావడం సముచితమే. కాని దానిపై పలికినది అమెరికా నల్లజాతి ప్రజల బ్లూస్ సంగీతం. అది ఐర్లండ్ సొత్తు ఎప్పుడు అయింది, ఎలా అయింది అన్నది విచారింపదగిన విషయం.

గాలహర్ 1948 మార్చి 2న డొనెగల్ ప్రాంతంలోని బాలీషానన్‌లో జన్మించారు. ఎర్న్ నదిపై జలవిద్యుత్ కేంద్ర నిర్మాణంలో పనిచేసిన తండ్రి అకార్డియన్ వాయించేవారు. తల్లి గాయని, నాటకాలలో నటించేవారు. ఇంట్లో ఉన్నది ఐరిష్ జానపద నృత్యసంగీతం. బ్లూస్ మాత్రం రేడియోలో వచ్చింది. బ్రిటిష్ గాయకుడు లానీ డొనెగన్ పాటలు విని, అవి ఎవరివని ఆరా తీస్తూ బాలుడు లెడ్‌బెల్లీ వద్దకు చేరాడు. అమెరికా సైనికుల రేడియోలో మడ్డీ వాటర్స్‌ను విన్నాడు. 9 ఏళ్లకు గిటార్ చేతికి వచ్చింది, నేర్పినవారు లేరు. ఏకలవ్యుడు జ్ఞాపకం వస్తాడు. అయితే ఏకలవ్యునికి గురువు ప్రతిమ అయినా ఎదుట ఉన్నది. ఇక్కడ గాలిలో తేలివచ్చే గొంతు మాత్రమే. 1971లో లండన్‌లో మడ్డీ వాటర్స్ ధ్వనిముద్రణలో పక్కన కూర్చుని వాయించే భాగ్యం శిష్యునికి దక్కింది. ఈ గురువు బొటనవ్రేలు అడుగలేదు.

రేడియో నేర్పనిది షోబ్యాండ్ నేర్పింది. ఆనాటి ఐర్లండ్‌లో షోబ్యాండ్ అంటే సూట్లు ధరించి, ప్రజాదరణ పొందిన పాటలను ఉన్నవి ఉన్నట్లు గంటల తరబడి వాయించే నృత్యశాలల బృందం. లెంట్ దినాలలో స్వదేశంలో నృత్యాలు ఆగిపోతే ఈ బృందాలు ఇంగ్లండ్‌లోని వలస ఐరిష్ కార్మికుల ముందు వాయించేవి. ఫొంటానా అనే ఇటువంటి బృందంలో ఆయన 15 ఏళ్లకే చేరారు. విమర్శకులు ఈ దశను తేలికగా దాటవేస్తారు. అది పొరపాటు. శ్రోతల కాళ్లు ఆగకుండా చూడవలసిన బాధ్యత ఆయన లయకు ఇక్కడే అబ్బింది. అనుకరణ పట్ల విముఖత కూడా ఇక్కడే పుట్టి ఉండవచ్చు.

1966లో నెలకొల్పిన టేస్ట్ బృందం 1970లో ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో మెప్పు పొంది, ఆ ఏడాది చివర విడిపోయింది. తరువాత ఆయన సొంత పేరుతోనే సాగారు. సింగిల్స్ విడుదల చేయడానికి ఇష్టపడలేదు. ఉత్తర ఐర్లండ్ హింసకు వెరచి ఎందరో కళాకారులు బెల్‌ఫాస్ట్‌కు దూరమైన కాలంలో ఆయన అక్కడ కచేరీలు మానలేదు. బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ కచేరీల నుండి కూర్చి 1974లో వెలువరించిన ‘ఐరిష్ టూర్ 74’లో శ్రోతల కేక కూడా ఒక వాద్యమే.

పై ప్రశ్నకు సమాధానం 1975 నాటి ‘అగెనెస్ట్ ద గ్రెయిన్’లో ఉన్నది. అందులో లెడ్‌బెల్లీ పశువులకాపరి పాట ఒకటి ‘అవుట్ ఆన్ ద వెస్టర్న్ ప్లెయిన్’గా చేరింది. దానికి ఆయన గిటార్ తంత్రులలో మూడింటిని ఒక్కొక్క పూర్తి స్వరం దించారు. 1960ల తొలినాళ్లలో ఆంగ్ల గిటారిస్టు డేవీ గ్రాహం ప్రచారంలోకి తెచ్చిన శ్రుతి అది. ఐరిష్ జానపద వాద్యకారులకు తరువాత ఆత్మీయమైంది. మన పరిభాషలో ఆరు తంత్రులూ స-ప-స-మ-ప-స అని పలుకుతాయి. గాంధారం లేదు. సాధారణమో అంతరమో తేలని ఆ ఖాళీలో షడ్జ పంచమాలు తంబూరా వలె మ్రోగుతూ ఉంటాయి. బ్లూస్ గాయకుని గాంధారం కూడా ఆ రెంటి నడుమ ఊగేదే. పాట టెక్సస్‌ది, దాని కింద మ్రోగే శ్రుతి డొనెగల్ బ్యాగ్‌పైపుదని తోస్తుంది. బాల్యంలో డొనెగన్ గొంతు మీదుగా విన్న లెడ్‌బెల్లీని తన ఇంటి శ్రుతిలో కూర్చోబెట్టిన చోటు ఇది.

ఇటువంటి సమన్వయం ఆయన స్టూడియో రికార్డులలో తరచుగా దొరకదు. 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసిన ఆల్బమ్ మిశ్రణం నచ్చక ఆయనే దానిని పక్కన పెట్టారు. అది 2011లో గాని వెలుగు చూడలేదు. మరుసటి ఏడు కీబోర్డు వాద్యకారుడు లేని త్రయంతో చేసిన ‘ఫొటో ఫినిష్’లో వేగం ఉన్నది, బిగువు ఉన్నది, లూ మార్టిన్ పియానో వదిలి వెళ్లిన చోటును మాత్రం ధ్వని తీవ్రతతో నింపారు. 1980లలో ఈ మొరటుదనం మరింత పెరిగింది. కాలేయ మార్పిడి చికిత్స అనంతరం 1995 జూన్ 14న లండన్‌లో మరణించేనాటికి ఆయనకు 47 ఏళ్లు.

జాతీయ సంపదగా నిలిచినది రంగు రాలిన ఆ విద్యుత్ గిటార్. ‘వెస్టర్న్ ప్లెయిన్’ను ఆయన వాయించినది దానిపై కాదు, మామూలు కొయ్య గిటార్‌పై.