శుక్రవారం సాయంత్రం, టిన్ ఫ్యాక్టరీ మీదుగా

బెంగళూరు నుంచి సింగపూర్‌కి విమానంలో నాలుగున్నర గంటలు. హూడిలో మా ఇంటి నుంచి దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకి శుక్రవారం సాయంత్రం ఎంతసేపో మాత్రం ఏ టికెట్టు మీదా రాసి ఉండదు. అందుకే శని, ఆదివారాల ప్రయాణానికి ప్లాను వేయడానికి కూర్చుంటే ముందు నాకు గుర్తొచ్చేది మెరీనా బే కాదు, టిన్ ఫ్యాక్టరీ దగ్గరి ట్రాఫిక్. విమానం రాత్రి పదకొండు దాటాకే అయినా ఆరున్నరకల్లా బ్యాగులు కారెక్కాల్సిందే. బూదిగెరె మీదుగా పోతే తొందరగా చేరతామని ప్రతి డ్రైవరూ అంటాడు. ఒక్కోసారి నిజంగానే చేరతాం.

సింగపూరే ఎందుకని అడిగేవాళ్ళకి నా జవాబు ఒకటే: రోజూ పొద్దున దాని గుమ్మం ముందే కదా రైలు దిగేది! పట్టందూరు అగ్రహార మెట్రో స్టేషను పక్కనున్న ఐటీపీఎల్ అనే ఐటీ పార్కు మన పీవీ నరసింహారావూ, అప్పటి సింగపూర్ ప్రధాని గో చోక్ టోంగూ 1992లో అనుకున్నది. 1994లో రెండు దేశాల ఉమ్మడి కంపెనీ పెట్టి కట్టడానికి దిగారు. ఆ ఏడే సెప్టెంబరులో పీవీ సింగపూర్ వెళ్ళి, భారత్ ఇక తూర్పు వైపు చూస్తుందని ఉపన్యాసమిచ్చి వచ్చారు. ఆ పార్కు నడిపిన అసెండాస్ పేరే తర్వాత అమరావతి వార్తల్లోనూ తగిలింది. మన సభల్లో సింగపూర్ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. చూసి వచ్చినవాళ్ళు మాత్రం తక్కువ.

మొదటిసారి ముగ్గురం వెళ్ళాం. నేను, మా ఆవిడ, మదనపల్లి నుంచి వచ్చిన అమ్మ. "రెండు దినాలకు అంత దూరం పోవల్లారా?" అని అమ్మ అడుగుతూనే ఉంది, నేను ఎక్సెల్ నింపుతూనే ఉన్నాను. పద్నాలుగు వరసలు. ఒక్కో వరసకీ మొదలయ్యే టైమూ, ముగిసే టైమూ. ఆఫీసు జబ్బు, ఎక్కడికి పోతుంది?

వీసాకి ఏజెంటు ద్వారానే పోవాలి. ఫొటో 35 బై 45 మిల్లీమీటర్లు, వెనక తెలుపు. అమ్మ లేత గంధం రంగు చీర కట్టుకొచ్చింది. హూడి స్టూడియో అబ్బాయి ప్రింటు తీసి చూపిస్తే తెల్లగోడలో తల ఒక్కటే తేలుతోంది. మెరూన్ చీరలో మళ్ళీ తీయించాం. అరైవల్ కార్డు అక్కడ దిగడానికి ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి పైసా కట్టక్కర్లేదు.

ఛాంగీ ఎయిర్‌పోర్టులో దిగేసరికి పొద్దున ఆరు. అక్కడ ఏ కాలమైనా దాదాపు ఏడింటికి గానీ తెల్లవారదు కాబట్టి బయట ఇంకా చీకటే. గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పుకున్నాం గానీ, ఒంటికి అది తెల్లవారుజామున మూడున్నర. నా మొదటి వరస 'ఏడున్నర: మెర్లయన్'. ఆ సింహం ముందు అమ్మ నిలబడి ఆవులించిన ఫొటో ఇప్పటికీ ఫోనులో ఉంది.

అసలు తప్పు ఒంటిగంటకు బయటపడింది. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి, 1855 నాటిది. పెరుమాళ్ అంటే మన స్వామే అని అమ్మకి ముందే చెప్పి ఉంచాను. ఐదంతస్తుల గోపురం ముందు దిగి చూస్తే తలుపులు వేసి ఉన్నాయి. మధ్యాహ్నం గుడి మూస్తారని మదనపల్లిలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? విదేశం అనగానే ఇరవై నాలుగ్గంటలూ తెరిచే ఉంటుందనుకున్నాను కాబోలు. అమ్మ ఏమీ అనలేదు. గోపురానికి దండం పెట్టి, "ఈ పూటకు ఇంతే ప్రాప్తం, పద, ఏమన్నా తిందాం" అంది.

దగ్గర్లోనే టెక్కా సెంటర్. బిర్యానీ, రొట్టె, చేపల పులుసు వాసనలన్నీ ఒకే కప్పు కింద. మధ్యాహ్నం వేళ కదా, జనం కిటకిట. ఖాళీ బల్లల మీద మాత్రం చిన్న చిన్న టిష్యూ ప్యాకెట్లు. వాటికీ ఓనర్లున్నారు, లైన్లో నిలబడి ఉన్నారని మా ఆవిడ చెప్పింది. దాన్ని అక్కడ 'చోప్' అంటారట. అమ్మ మొహం విచ్చుకుంది. "మన బస్సులో కిటికీలోంచి తువ్వాల ఏసినట్ల!" అని బొడ్డులోంచి కర్చీఫ్ తీసి దొరికిన బల్ల మీద పరిచింది. మేం ప్లేట్లతో తిరిగొచ్చేదాకా దాన్నెవరూ కదపలేదు.

ఆ బల్ల దగ్గరే గంటన్నర కూర్చున్నాం. ఎక్సెల్‌లో మూడు వరసలు ఎగిరిపోయాయి. నాకు బెంగ పడటానికి కూడా ఓపిక లేదు. అమ్మ నోట వచ్చిన 'పూట' అప్పుడు పట్టుకున్నాను. శని, ఆదివారాలంటే నేను ముప్పై గంటలని లెక్కేశాను. ఆవిడ లెక్కలో నాలుగు పూటలు. పూటకొక పని, మధ్యలో భోజనం, కాస్త నడుం వాల్చడం. ఒక పూటలో రెండో పని ఇరికించారంటే మొదటిది కూడా చెడుతుంది.

పై నెలలో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి ఎక్సెల్ లేదు, పాల ప్యాకెట్ల లెక్క రాసే కాగితం వెనకాల నాలుగు గీతలు గీశాను. శనివారం పొద్దున నిద్ర. సాయంత్రం గుడి. మొన్న వదిలేసిన 7:45 దీపాల ఆట, చెట్లలా కట్టిన సూపర్‌ట్రీ టవర్ల కింద వెల్లకిలా పడుకుని చూసేది, ఈసారీ కుదిరేలా లేదు. ఆదివారం సాయంత్రం ఎయిర్‌పోర్టు. మిగిలిన ఆదివారం పొద్దుటి పూట ఖాళీగా ఉంచుదామనుకున్నాను గానీ, ముస్తఫా షాపు కోసమని అమ్మ దాని మీద అప్పుడే కర్చీఫ్ వేసేసింది.