బెలూన్‌కీ ఉపగ్రహానికీ మధ్య పేరయ్య

వేలూరు పక్కనున్న తొరపాడి నుంచి ఇంచుమించు సూటిగా ఉత్తరానికి 60 కిలోమీటర్లు గీత గీస్తే పాకాల దగ్గరి గాదంకి తగులుతుంది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్నది అక్కడే. దాని 1,024 యాంటెన్నాల రాడార్ గురించి ఈ పక్క వాళ్లు కాస్తో కూస్తో విన్నారు. నా మనసు దోచింది మాత్రం అక్కడి నుంచి బెలూన్‌కు కట్టి ఎగరేసిన ఓజోన్ కొలిచే పరికరం, ఓజోన్‌సోండ్.

అందులోని ఓ చిన్న పంపు బయటి గాలిని పీల్చి పొటాషియం అయొడైడ్ ద్రావణంలోకి బుడగలుగా వదులుతుంది. ఓజోన్ అణువు తగిలిన చోట అయొడిన్ పుడుతుంది, అణువుకు రెండు ఎలక్ట్రాన్ల చొప్పున తీగలో కరెంటు నడుస్తుంది. అదీ మైక్రో ఆంపియర్లలో! బెలూన్ 30 కిలోమీటర్లు దాటి పగిలేదాకా ఈ లెక్క ఆగదు. పాత తరహా రసాయనమే, పనితనం నాజూకు. మన దేశంలో ఓజోన్‌సోండ్‌కు బాట వేసిన అన్నా మణి పేరు ఇక్కడ తలచుకోకపోతే తప్పు.

ఆ ఓజోన్‌నే కొలిచే ఆరా ఉపగ్రహం మీది ఎంఎల్ఎస్ పరికరం తీరు వేరు. 2004 జులైలో పైకెళ్లిన ఈ పరికరం, భూమి అంచున వాతావరణాన్ని పక్కవాటుగా చూస్తూ మైక్రోవేవ్ తరంగాలను పడుతుంది. దాని ఒక్క కొలతలో సుమారు 3 కిలోమీటర్ల మందం, పోయే దారి వెంబడి 200 కిలోమీటర్ల పైచిలుకు గాలి కలిసిపోతాయి. తొరపాడి ఆకాశం, గాదంకి ఆకాశం దానికి ఒకటే. పైగా అది వచ్చే వేళకే బెలూన్ ఎగరాలని లేదు. వానాకాలంలో అయితే కింది పడమటి గాలి బెలూన్‌ను తూర్పుకు తోస్తుంది, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు జెట్ గాలి తిరిగి పడమటికి లాక్కుపోతుంది. బెలూన్ అంకెనూ ఉపగ్రహం అంకెనూ పక్కపక్కన పెట్టి తప్పెవరిదో తేల్చేదెలా?

ఎన్నడూ ఎదురుపడని ఈ ఇద్దరికీ డేటా అసిమిలేషన్ పెళ్లిళ్ల పేరయ్య. కంప్యూటర్ నమూనా గాలులతో పాటు ఓజోన్‌నూ మోసుకుపోతూ ఏ చోట, ఏ వేళకు ఎంత ఉండాలో అంచనా కడుతుంది. ఆ అంచనాను ఉన్నదున్నట్టు పోల్చరు. ఉపగ్రహం చూపెంత మసకో అంత మసక చేసి, అప్పుడు కొలతలోంచి తీసేస్తారు. అసలు పనితనం ఆ మిగులును చదవడంలోనే ఉంది. సూర్యుడి కోణాన్ని బట్టో, పరికరం చూసే కోణాన్ని బట్టో మిగులు పెరుగుతూ తరుగుతూ ఉంటే అనుమానం ఉపగ్రహం మీదికి పోతుంది. గాలి మళ్లే చోట్లనే పెరిగితే నమూనా మీదికి. ఒక్క సగటు చెప్పలేని సంగతి తేడా ఆకారం చెబుతుంది.

తేడా మరీ పెద్దదైతే కొలతే తప్పని కొట్టిపారేయడం తేలిక. అంటార్కిటికా మీద ఓజోన్ కొలిచిన ఉపగ్రహ పరికరం టామ్స్ చూపిన 180 డాబ్సన్ యూనిట్ల లోపు విలువలకు నాసా ప్రోగ్రాం అనుమానాస్పదమని గుర్తు పెట్టింది. ఓజోన్ రంధ్రాన్ని ముందుగా లోకానికి చాటింది మాత్రం 1985లో, నేల మీది కొలతలతో, బ్రిటిష్ వాళ్లు. అనుమానించడం తప్పు కాదు, కానీ అనుమానించిన అంకెను తీసి చూసే తీరిక ఎవరికో ఒకరికి ఉండాలి.

ఇంకో చిక్కు. పేరయ్య పిల్ల తరఫు బంధువే అయితే ఆయన మాటకు విలువేముంది? ఒక ఉపగ్రహం కొలతలు మింగిన నమూనాతో ఆ ఉపగ్రహాన్నే పరీక్షిస్తే మార్కులు దండిగానే పడతాయి. అందుకే ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరిని గుమ్మం బయట నిలపాలి అన్నది ముందే తేల్చుకుంటారు. నాసా వారి ఇలాంటి నమూనా మెర్రా-2, 2004 అక్టోబరు నుంచి ఎంఎల్ఎస్ కొలతలనూ, ఆరా మీదిదే అయిన ఓఎంఐ పరికరం కొలతలనూ లోపలికి తీసుకుంది, ఓజోన్‌సోండ్లను తీసుకోలేదు. 2017లో అచ్చయిన దాని ఓజోన్ సమీక్షలో ఆ బయటి సోండ్లే సాక్ష్యానికి వచ్చాయి.