కమానుకు మార్కులు

కవిత్వాన్ని అంచనా కట్టేటప్పుడు కవి యెవరి పక్షాన నిలబడ్డాడని అడుగుతాం. సంగీత పరీక్ష దగ్గర మాత్రం ఆ ప్రశ్న మనకు తట్టదు. మార్కుల పట్టీకి పక్షం లేదనుకుంటాం. ఫిడేలు పరీక్ష సంగతే చూద్దాం.

మా బోయిన్‌పల్లి పిల్లలకు ఫిడేలు విద్యలో రెండు దారులున్నాయి. ఒకటి సికింద్రాబాదులోని భక్త రామదాసు ప్రభుత్వ సంగీత కళాశాల. రెండవది లండన్ బోర్డుల గ్రేడు పరీక్షలు. ఆ బోర్డుల్లో ఒకటి, 1889లో పుట్టిన అసోసియేటెడ్ బోర్డు, తన లెక్కను దాచుకోదు. ప్రాక్టికల్ పరీక్షకు 150 మార్కులు: మూడు రచనలకు 90, స్కేళ్ళకు 21, చూసి వాయించటానికి 21, చెవికి 18. వంద వస్తే ఉత్తీర్ణత. లెక్క బహిరంగంగా వుండటం మంచిదే. గురువుగారి ముఖం చూసి ఫలితం ఊహించుకొనే అలవాటు కంటె యెంతో నయం. ఐతే చెవికి 18 మార్కులేనా? రచన వాయించేటప్పుడు చెవి పనిచెయ్యదా అనవచ్చు. పనిచేస్తుంది. కాని అక్కడ విద్యార్థి వాయిస్తూంటే పియానో అనుసరిస్తుంది. మన కచేరీలో ఫిడేలే గాయకుణ్ణి అనుసరించాలి.

బాలుస్వామి దీక్షితులు (1786–1859) కాలం నుంచీ ఫిడేలు మన సంగీతంలో చేసిన ప్రధానమైన పని యిదే. గాయకుడు యే సంగతి వేస్తాడో ముందు తెలియదు. విన్న మరుక్షణం కమాను కదలాలి. ఒంటరిగా కూర్చోబెట్టి, కంఠస్థమైన వర్ణం వాయించమంటే యీ శక్తి బయటపడదు. పక్కవాద్యం రెండవ శ్రేణి పని అన్న కచేరీ పెత్తనమే పరీక్ష గదిలోకీ వచ్చి కూర్చుంది.

ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలును సోలో వాద్యంగా నిలబెట్టి ఆ పెత్తనాన్ని యెదిరించాడు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోయిన ఆయన్ను ఆచార్యుణ్ణి చేశారని చెప్పుకుంటారు. ముచ్చటైన కథ. కాని అది సంస్థానం దయ మీద నడిచిన అంచనా. దానివల్ల ఒక ద్వారం దొరికాడు. దొరకని వాళ్ళ లెక్క యెవరి దగ్గరా లేదు.

ఆదిలాబాదు పర్ధానులకు కికిరి వుంది. మూడు తీగల కమాను వాద్యం. గోండుల వంశగాథలను దాని మీద పాడతారు. అక్కడ వినే గోండులకు ఆ గాథ తమదే. పరీక్షకుడికి అంతకంటె గట్టి అర్హత యేముంది?

ఇక నాదం. కమాను వేగం, దాని బరువు, తీగ మీద అది తగిలే చోటు – యీ మూడూ విద్యార్థి చేతిలోవి. ఫిడేలు కొయ్య, తీగల నాణ్యం తండ్రి జేబులోవి. నాదానికి వేసే మార్కులో రెండూ కలిసిపోతాయి. పరీక్షకుడు నిజాయితీపరుడే కావచ్చు, తెలియకుండానే కొయ్యకు మార్కు వేస్తాడు. కనుక పరీక్ష గదిలోనే ఒక ఫిడేలు వుంచి, చెయ్యి అలవాటుపడటానికి పది నిమిషాలిచ్చి, అందరిచేతా దానిమీదే ఒక దీర్ఘమైన షడ్జమం పట్టించాలి. తరవాత పరిచయం లేని గాయకుడొకర్ని పక్కన కూర్చోబెట్టి ఒక చిన్న ఆలాపన పాడించాలి. చిన్నపిల్లలకు చిన్న సైజు ఫిడేళ్ళు కావాలి గనుక రెండు మూడు కొనవలసి వస్తుంది. ఆ ఖర్చు పరీక్ష రుసుములోంచి కాదు, కళాశాల బడ్జెట్టులోంచే రావాలి.