ముందు బంతి వేడెక్కాలి

స్క్వాష్‌లో నెట్ ఉండదు. నాలుగు గోడల మధ్య ఇద్దరూ ఒకే నేలను పంచుకుంటారు. 9.75 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టులో ఎదుటి గోడకు వంతులవారీగా బంతిని కొట్టడమే ఆట. మధ్యలో పక్క గోడలకు తగలవచ్చు, కానీ నేలమీద రెండోసారి పడకముందే కొట్టాలి. ఎదుటి గోడ అడుగున 48 సెంటీమీటర్ల ఎత్తు వరకు ‘టిన్’ అనే పట్టీ ఉంటుంది. దానికి తగిలితే ఖంగుమని మోగుతుంది, పాయింటు పోతుంది. రెండు పాయింట్ల ఆధిక్యంతో ముందుగా 11కు చేరినవారిదే గేమ్.

19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని హారో పాఠశాలలో, గట్టి బంతితో ఆడే ‘రాకెట్స్’ నుంచి ఇది పుట్టింది. గోడకు కొడితే నొక్కుకుపోయే మెత్తటి రబ్బరు బంతి వల్లే ‘స్క్వాష్’ అనే పేరు వచ్చింది. కొత్తవారు ముందుగా తెలుసుకోవలసిందీ ఆ బంతి గురించే. లోపల బోలుగా, 24 గ్రాముల బరువుతో ఉండే ఆ బంతి చల్లగా ఉంటే దాదాపు ఎగరదు. దెబ్బమీద దెబ్బ పడేకొద్దీ రబ్బరూ, లోపలి గాలీ వేడెక్కి, బంతి లేవడం మొదలవుతుంది. ఆటకు ముందు కాసేపు బంతిని కొట్టి వేడిచేసేది అందుకే. బంతిమీది చుక్కలు దాని స్వభావం చెబుతాయి. రెండు పసుపు చుక్కలుంటే పోటీల బంతి, తక్కువగా లేస్తుంది. ఎర్ర, నీలి చుక్కలవి బాగా ఎగురుతాయి. కొత్తవారి దెబ్బలకు పోటీల బంతి వేడెక్కదు, నేలకు అతుక్కుపోతుంది. దాని వెంట పరుగెత్తి అలసిపోయి, ఈ ఆట తమకు రాదనుకోవడం పొరపాటు. మొదటి నెలల్లో నీలి చుక్క బంతి వాడితే ర్యాలీ నిలుస్తుంది, చేయి కుదురుతుంది.

రాకెట్‌ను కరచాలనం చేసినట్టు పట్టుకోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ‘వి’ ఆకారం ఏర్పడాలి. పక్క గోడవైపు తిరిగి, రాకెట్‌ను ముందే పైకెత్తి ఉంచుకుని కొట్టాలి. నేర్వవలసిన మొదటి దెబ్బ స్ట్రెయిట్ డ్రైవ్. ఎదుటి గోడమీద 1.78 మీటర్ల ఎత్తున ఉండే సర్వీస్ గీతకు పైన తగిలి, పక్క గోడను ఆనుకుంటూ వెనక మూలకు పోవాలి. గోడకు అంటుకున్న బంతిని కొట్టడానికి ప్రత్యర్థి రాకెట్‌కు చోటు చాలదు. పైగా అతను మూలకు వెళ్లేసరికి కోర్టు నడుమ గీతలు కలిసే ‘టి’ ఖాళీ అవుతుంది. ప్రతి దెబ్బ తర్వాతా అక్కడికి తిరిగి రావాలి. ఏ మూలకైనా కొద్ది అడుగుల్లో అందుకోగల చోటు అదే. డ్రాప్, లాబ్, బోస్ట్ వంటి ఇతర దెబ్బలు స్ట్రెయిట్ డ్రైవ్ తర్వాతే.

సర్వీస్‌లో బలం అవసరం లేదు. ఎత్తుగా, నెమ్మదిగా ఎదురు వెనక మూలకు వేస్తే చాలు.

ఒంటరిగా సాధన చేయగలగడం ఈ ఆటలోని గొప్ప సౌకర్యం. పెషావర్‌లో బ్రిటిష్ అధికారుల క్లబ్బులో బంతులందించే కుర్రాడిగా మొదలైన హాషిమ్ ఖాన్, అలాంటి సాధనతోనే ఎదిగి 1951లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు.

ఇద్దరు ఆడేటప్పుడు మాత్రం కంటి రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. 40 మిల్లీమీటర్ల బంతి కంటి గుంటలో సరిగ్గా ఇమిడిపోతుంది. ప్రత్యర్థి అడ్డుగా ఉంటే రాకెట్ ఊపకుండా ఆగి ‘లెట్’ అడగాలి. చాలా సందర్భాల్లో ఆ పాయింటు మళ్లీ ఆడతారు. నేరుగా గెలిచే దెబ్బకు అడ్డొస్తే మాత్రం ‘స్ట్రోక్’ ఇస్తారు, పాయింటు ఆగినవారికే దక్కుతుంది.