రేజాల గుడాఖు, మా వాళ్ళ అడ్డపొగ

బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాత్రి ఆర్పేసి పొద్దున్నే మళ్ళీ వెలిగించుకునే వీలుండదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి ఫర్నేస్‌ను ప్రారంభించినప్పటి నుంచీ ఛత్తీస్‌గఢ్‌లోని మా భిలాయి స్టీల్ ప్లాంటులో ప్రతి రాత్రీ కొన్ని వేలమంది మేలుకునే ఉన్నారు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. ఈ మూడు వేళలకు తగ్గట్టు ఇళ్ళలో అన్నం ఉడికింది, పిల్లలు చప్పుడు చేయకుండా ఆడుకోవడం నేర్చుకున్నారు, కిటికీలకు మందపాటి దుప్పట్లు వేలాడాయి. మనిషి ఒంటికి మాత్రం చీకటి పడితే పడుకోవడమే తెలుసు. ఆ ఒంటిని మేలుకొలిపి కూర్చోబెట్టడానికి మనుషులు చెట్లను, ఆకులను ఆశ్రయించారు. టీ, ఖైనీ, బీడీ, వక్కపలుకు. ఈ వారం వాటి గురించి రాయాలని కూర్చున్నాను. రాస్తున్నకొద్దీ మనసు ఇంకో డబ్బీ మీదికి పోతోంది. అరచేతిలో పట్టేంత చిన్నది, లోపల నల్లటి ముద్ద. గుడాఖు.

ముందు టీ సంగతి. మన తాతల కాలం నుంచీ ఉన్నదేనని టీని అనుకుంటాం గానీ అస్సాం టీ మొదటిసారి లండన్ వేలానికి వెళ్ళింది 1839లో. ఇక్కడి జనానికి అలవాటు కావడం చాలా తర్వాతి ముచ్చట. 1903లో టీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫ్యాక్టరీల్లో, బొగ్గు గనుల్లో, బట్టల మిల్లుల్లో టీ అంగళ్ళు పెట్టించారు. మధ్యలో కాస్త టీ ఇచ్చి కూర్చోనిస్తే కూలీ మళ్ళీ చురుగ్గా లేస్తాడని యజమానులకు నచ్చజెప్పారు. తర్వాత 1930ల్లో అస్సాంలో సీటీసీ యంత్రం వచ్చింది. ఆకును నలిపి, చింపి, గుండ్రటి పలుకులుగా చేసే ఆ యంత్రం వల్ల చిటికెడు పొడితోనే చిక్కటి రంగు దిగడం మొదలైంది. అంటే టీ మన దేశపు కార్మికుడి దగ్గరికి పనిముట్టుగానే వచ్చింది. భిలాయి కట్టే నాటికి ఆ పనిముట్టు సిద్ధంగా ఉంది.

అది ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకున్నాక నాకు టీ మీద గౌరవం తగ్గలేదు, జాగ్రత్త పెరిగింది. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తన చోట్లలో కుదురుకున్నకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ వెళ్ళి ఆ చోట్లను ముందే ఆక్రమిస్తుంది. అడినోసిన్ మాత్రం పోగవుతూనే ఉంటుంది, దాని కబురు మెదడుకు అందదు, అంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి తాగిన టీ, డ్యూటీ దిగి ఇంటికొచ్చి ఎనిమిదింటికి పక్క మీద వాలినప్పుడు కూడా లోపల పనిచేస్తూనే ఉంటుంది. మా ఆయన రైల్ మిల్‌లో చేసినన్నాళ్ళూ నైట్ డ్యూటీలో రెండు దాటాక టీ ముట్టేవారు కాదు. ఎవరూ చెప్పలేదు, పగటి నిద్ర పాడవుతోందని తనకు తానే పట్టుకున్నారు. పొగ తాగే తోటివాళ్ళు మాత్రం నాలుగింటికీ తాగి, వచ్చి హాయిగా పడుకునేవారట. దానికీ కారణం ఉంది. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయాన్ని రెచ్చగొట్టి కెఫీన్‌ను దాదాపు రెండింతల వేగంతో కరిగించేస్తాయి. అందుకే బీడీ తాగేవాడికి ఎక్కువ టీ కావాలి. బీడీ మానేసిన కొద్ది రోజుల్లోనే అదే నాలుగు గ్లాసుల టీ గుండె దడ పుట్టిస్తుంది. పొగ మానడం వల్ల వచ్చిన దడ అనుకుని మళ్ళీ బీడీ వెలిగించినవాళ్ళు ఉన్నారు. మానేటప్పుడు టీ కూడా సగానికి తగ్గించుకోవాలని ముందే ఒక మాట చెబితే ఎంత మేలు!

మగవాళ్ళ మేలుకువకు ఇంత ఏర్పాటు ఉంది. క్యాంటీన్ ఉంది, టీ వేళ ఉంది, నైట్ డ్యూటీకి అలవెన్స్ ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచే ఆడవాళ్ళ మేలుకువ ఏ రిజిస్టరులోనూ లేదు.

ఇక్కడ కట్టుబడి పనుల్లో ఇటుకలు, ఇసుక, సిమెంటు మోసే స్త్రీలను రేజా అంటారు. చుట్టుపక్కల పల్లెల నుంచి చీకటితోనే బయలుదేరి వస్తారు. మా వీధిలో ఇల్లు కడుతున్నన్ని రోజులూ వాళ్ళను చూశాను. పని మొదలుపెట్టే ముందు ఇసుక గుట్ట పక్కన వరసగా కూర్చుంటారు. ఒకామె డబ్బీ మూత తీస్తుంది, చూపుడువేలితో కాస్త ముద్ద తీసుకుని పక్కామెకు డబ్బీ అందిస్తుంది. వేలితో చిగుళ్ళ మీద, పళ్ళ మీద మెల్లగా రుద్దుకుంటారు. తొందరేమీ ఉండదు. రుద్దడం, ఉమ్మడం, మాట్లాడుకోవడం. ఎవరి కూతురికి సంబంధం వచ్చింది, ఎవరి ఇంట్లో డబ్బు కరువైంది, అన్నీ అప్పుడే. తర్వాత నోరు కడుక్కుని, నీళ్ళలో నానిన రాత్రి అన్నం, వాళ్ళ భాషలో బాసీ, ఉల్లిపాయతో తిని లేస్తారు. రోజు మొత్తంలో వాళ్ళు తమ కోసం కూర్చునే సమయం అదొక్కటే. ఆ అలవాటును దూరం నుంచి చీదరించుకునేవాళ్ళు ఈ సంగతి గమనించాలని నా కోరిక.

గుడాఖులో ఉండేది పొగాకు పొడి, బెల్లపు మడ్డి, సున్నం, ఎర్రమట్టి. ఇందులో సున్నానిదే కీలకమైన పని. నికోటిన్ క్షారంలో కలిసినప్పుడు నోటి లోపలి పలుచని పొర గుండా సులువుగా నెత్తురులోకి దిగిపోతుంది. ఖైనీలో సున్నం నలిపేదీ ఇందుకే. నెత్తురులోకి చేరిన నికోటిన్ మెదడులో ఎసిటైల్‌కోలిన్ కూర్చునే చోట్లకు వెళ్ళి తట్టి లేపుతుంది. డోపమైన్ ఊరుతుంది, అడ్రినలిన్ లేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి, ఆకలి అణుగుతుంది. రెండు గంటల్లో నెత్తురులోని నికోటిన్ సగానికి పడిపోతుంది. రాత్రంతా లేకపోయేసరికి తెల్లారేటప్పటికి ఒళ్ళు దాని కోసమే వెతుక్కుంటుంది. పొద్దున్నే మొదటి రుద్దుడుకు కలిగే హాయిలో చాలా భాగం, రాత్రంతా లేని లోటు తీరడం వల్ల వచ్చేదే.

“ఇది పెట్టుకోకపోతే పొద్దున్నే కడుపు కదలదు దీదీ” అంది ఒకామె నాతో. అది అబద్ధం కాదు, నికోటిన్ పేగులను కదిలిస్తుంది. “పంటి నొప్పి తగ్గుతుంది” అంది ఇంకొకామె. నొప్పి తెలియకుండా పోతుంది, పన్ను మాత్రం లోపల పుచ్చుతూనే ఉంటుంది. “మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు” అని మూడో ఆమె చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. నెత్తిన ఇటుకలు పెట్టుకుని నిచ్చెన ఎక్కే మనిషికి ఆకలి వేయకపోవడం ఒక సౌకర్యం అయిందంటే, తప్పు డబ్బీ ఒక్కదానిదే ఎలా అవుతుంది?

నాకు ఆ వరసలో మా నాయనమ్మ కనిపించింది. భిలాయి తెలుగువాళ్ళలో చాలామందివి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్ళే. పార్వతీపురం మీదుగా విజయనగరాన్ని రాయపూర్‌తో కలిపిన రైలు మార్గం 1931లో పూర్తయింది. పాతికేళ్ళ తర్వాత స్టీల్ ప్లాంటు మొదలయ్యేసరికి ఆ దారి మా వాళ్ళకు సిద్ధంగా ఉంది. కొడుకులతోపాటు తల్లులూ వచ్చారు. తల్లులతోపాటు చుట్టలూ వచ్చాయి. మా వైపు ముసలమ్మలు చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుంటారు. అదే అడ్డపొగ. గాలికి ఆరిపోదని, నాటు వేసే చేతులకు అడ్డం రాదని, చంకలోని బిడ్డ మీద నిప్పురవ్వ రాలదని చెప్పేవారు. మా నాయనమ్మ క్వార్టర్ వెనక బట్టలుతికే బండ దగ్గర కూర్చుని, చేతులతో బట్ట బాదుతూ, నోట్లో నిప్పు పెట్టుకునే మాతో మాట్లాడేది. మాట తడబడేది కాదు. “ఓలమ్మా, ఇది లేకపోతే చెయ్యి ఆడదే” అనేది.

చుట్ట పొగను గుండెల్లోకి పీల్చనక్కరలేదు. ఎండలో, నీడలో ఆరిన పొగాకుతో చుట్టిన చుట్ట పొగ క్షారంగా ఉంటుంది, నికోటిన్ నోట్లోనే ఒంటికి పట్టేస్తుంది. 1920ల నుంచి గుంటూరు ప్రాంతంలో పండిస్తున్న వర్జీనియా పొగాకు వేరు. బేరన్‌లో వేడి మీద ఆరబెట్టిన ఆ ఆకు పొగ కాస్త ఆమ్లంగా ఉంటుంది, నోట్లో పట్టదు, ఊపిరితిత్తుల దాకా లాగితేనే నికోటిన్ దొరుకుతుంది. సిగరెట్టు తాగేవాడు గుండె నిండా పీల్చడానికీ, మా నాయనమ్మ బుగ్గలోనే ఉంచుకోవడానికీ తేడా ఆకును ఆరబెట్టే పద్ధతిలో ఉంది. ఆ లెక్కన రేజాల గుడాఖు, మా అడ్డపొగ అక్కచెల్లెళ్ళే. రెండింటిలోనూ నోరే వాకిలి.

నష్టమూ ముందు నోటికే. డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్, మన దేశపు దంత వైద్య పరిశోధకులతో కలిసి, ఆంధ్రలో 10,169 మంది పల్లె ప్రజల నోళ్ళు పరీక్షించి 1971లో అడ్డపొగ మీద ఒక అధ్యయనం వెలువరించాడు. మామూలుగా అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ మా ప్రాంతంలో ఎందుకు కనిపిస్తోందో దాంతో మరింత స్పష్టమైంది. నిప్పు సెగ, పొగ రెండూ నేరుగా తగిలేది అంగిలికే. గుడాఖు అయితే చిగుళ్ళకు, బుగ్గ లోపలికి. పొగలేని పొగాకు నోటికి, అన్నవాహికకు, క్లోమానికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం నిర్ధారించింది. పొగాకు లేకుండా వక్క ఒక్కటే నమిలినా క్యాన్సర్ కారకమేనని ప్రకటించింది. గర్భిణి వాడితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది. రక్తనాళాలను బిగించే పదార్థం మాయ దాకా వెళ్ళకుండా ఎక్కడ ఆగుతుంది?

మన సాహిత్యం పొగాకును మరిచిపోలేదు. ‘కన్యాశుల్కం’లో గిరీశం పొగాకును అమృతంతో ముడిపెట్టి పద్యమే చదివాడు. ఆ నాటకం పుట్టిన విజయనగరం చుట్టూ ఉన్న పల్లెల్లోనే వేలమంది ఆడవాళ్ళు నోట్లో నిప్పు పెట్టుకుని నాట్లు వేస్తున్నారు. వాళ్ళ చుట్టకు పద్యం రాలేదు. మగవాడి పొగ సరదాగా, షోకుగా చెల్లిపోతే, ఆడదాని పొగ ఇంటి వెనక దాచుకోవలసిన సంగతయింది. దాచుకున్న అలవాటు డాక్టరు దగ్గరికి కూడా రాదు, నాకు బాధ కలిగించేది అదే.

2009-10లో ఛత్తీస్‌గఢ్‌లో పెద్దవాళ్ళలో 53.2 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని జాతీయ సర్వే చెప్పింది. 2016-17 నాటికి అది 39.1 శాతానికి దిగింది. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌ది 20 శాతం. తగ్గింది గనుక తగ్గుతుందనే నమ్మకం నాకుంది. చట్టాలూ ఉన్నాయి. టూత్‌పేస్టుల్లో, పళ్ళపొడుల్లో పొగాకు కలపకూడదని 1992లో నిషేధించారు. 2012లో గుట్కాను ఈ రాష్ట్రం నిషేధించింది. గుడాఖు మాత్రం పొగాకు సరుకుగానే, మూత మీద హెచ్చరిక బొమ్మతో, సబ్బులూ అగరొత్తుల పక్కన అమ్ముడవుతోంది. దాన్ని కొనేవాళ్ళు పళ్ళు తోముకునే వస్తువుగానే కొంటారు.

చట్టం కన్నా నాకు దల్లీ రాజహరా మీద ఎక్కువ ఆశ. మా ప్లాంటుకు ఇనుప ఖనిజం వచ్చే ఆ గనుల్లో 1977లో శంకర్ గుహా నియోగీ నాయకత్వాన కాంట్రాక్టు కార్మికుల సంఘం ఏర్పడింది. ఆ సంఘం కూలి కోసమే కాదు, సారాకు వ్యతిరేకంగానూ పోరాడింది. దానికి వెన్నెముక ఆడవాళ్ళే. తమ డబ్బుతో, తమ శ్రమతో 1983లో షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. నియోగీని 1991 సెప్టెంబర్ 28న ఇక్కడ, భిలాయిలోనే చంపేశారు. మగవాళ్ళ సారా మీద అంత బలంగా నిలబడ్డ స్త్రీలకు తమ డబ్బీ మీద నిలబడే శక్తి లేకపోలేదు. పని మధ్యలో కూర్చునే పది నిమిషాలు, తాగడానికి టీ, తినడానికి వేళకు అన్నం హక్కుగా దొరికితే ఆ డబ్బీ చేసే పనిలో సగం దానంతటదే తప్పుతుంది.

మానాలనుకునే వాళ్ళకు నేను చెప్పేది ఇది. మొదటి రెండు మూడు రోజులే బాగా కష్టం. చిరాకు, తలనొప్పి, మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం అన్నీ వస్తాయి, మూడు నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు, బాసీతోపాటు కాస్త ఆకుకూర ఉంటే కడుపు తన పని తాను చేస్తుంది. భిలాయి సుపేలా బజారులో వేప పుల్లలు, తుమ్మ పుల్లలు కట్టలుగా దొరుకుతాయి. వేలికి, చిగురుకు పని కావాలనిపించే ఆ పావుగంటకు అవి పనికొస్తాయి. నలుగురూ కలిసి కూర్చోవడం మానొద్దు. నికోటిన్ చూయింగ్ గమ్ 2 మిల్లీగ్రాములది మందుల షాపులో దొరుకుతుంది. గబగబా నమిలెయ్యకుండా, కాస్త నమిలి బుగ్గలో ఉంచుకోవాలి. 1800-11-2356కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మానే మార్గం చెబుతారు, హిందీలోనూ మాట్లాడతారు. మానినా మానకపోయినా నెలకోసారి అద్దం ముందు నోరు తెరిచి చూసుకోవాలి. తుడిచినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, కారం తగిలితే మంట, మూడు వేళ్ళు నిలువుగా పట్టనంతగా బిగిసిన నోరు, రెండు వారాలైనా మానని పుండు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ వారమే పళ్ళ డాక్టరుకు చూపించుకోవాలి, గుడాఖు వాడతామని సిగ్గుపడకుండా మొదటి మాటగా చెప్పాలి.